పేటెంటు చట్టం – ఔషధ పరిశ్రమ

నూతన వస్తువును కనిపెట్టిన వారికి దానిపై కొంతకాలం చట్టం కల్పించే గుత్తాధికారమే పేటెంటు. శ్రమకు ఫలం దక్కనిచో పరిశోధనకు ఎవరూ పూనుకోరన్నది దీనికి మూలమైన ఆలోచన. అయితే ఆ హక్కుకు హద్దు ఎక్కడ? ఈ ప్రశ్నకు మన దేశం ఒక విశిష్టమైన సమాధానం చెప్పింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో 1911 నాటి చట్టం అమలులో ఉండేది. పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీ సంస్థలవే. వాటిలో పెక్కింటిని ఆ సంస్థలు ఇక్కడ ఉత్పత్తికి వినియోగించనే లేదు. మందులు దిగుమతి కావలసిందే; ధరలు సామాన్యునికి అందేవి కావు. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక ఈ లోపాన్ని ఎత్తి చూపింది. దాని ఆధారంగా రూపొందిన 1970 నాటి చట్టం 1972లో అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం ఔషధానికి పేటెంటు లేదు. దానిని తయారుచేసే విధానానికి మాత్రమే ఉంటుంది. అదీ ఏడేళ్లకు మించదు. చూడడానికి ఇది మాటల మార్పే. కాని రసాయన శాస్త్రజ్ఞునికి అది గొప్ప అవకాశమైంది. గమ్యం అందరిదీ, దారి మాత్రం కనుగొన్నవానిది. అదే మందును వేరొక మార్గంలో, తక్కువ ఖర్చుతో తయారుచేయగలిగితే ఎవరూ అడ్డుచెప్పలేరు. ఆ నేర్పు గలవారు అప్పటికే తయారవుతున్నారు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారంలో ఎందరికో శిక్షణ లభించింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు.

ఇదంతా అనుకరణే గాని ఆవిష్కరణ కాదన్న విమర్శ ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. సరికొత్త మందులు ఇక్కడ పుట్టినవి బహు స్వల్పం. కాని ఎయిడ్స్ రోగి ఒకరికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చవుతున్న మందులను 2001లో 350 డాలర్లకే ఇవ్వగలనని సిప్లా ప్రకటించడం ఆ చట్టం ఫలితమే.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు 2005లో ఔషధాలకు ఇరవై ఏళ్ల పేటెంటు తిరిగి వచ్చింది. అప్పుడు సైతం పార్లమెంటు ఒక జాగ్రత్త తీసుకొంది. తెలిసిన మందునే స్వల్పంగా మార్చినప్పుడు, దాని గుణం గణనీయంగా పెరిగితే తప్ప పేటెంటు చెల్లదని 3(డి) సెక్షన్‌లో నిర్దేశించింది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ సంస్థ ఈ నిబంధనను దాటలేకపోయింది. నెలకు లక్ష రూపాయలు దాటే ఆ మందుకు ప్రత్యామ్నాయాలు అందులో సుమారు పదోవంతు ధరకే దొరికేవి. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ సంస్థ అప్పీలును తిరస్కరించింది.