నోరులేని కష్టజీవులు

ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది. వరసగా పేరిస్తే వంటింట్లో ఓ మూలంతా నిండిపోతుంది. మన రెండు కిడ్నీలూ కలిసి ఒక్క రోజులో రక్తంలోంచి వడగట్టే ద్రవం అంత... సుమారు 180 లీటర్లు!

ఇంత పని చేసేవి చూడ్డానికి మాత్రం పిడికిలంతే. ఒక్కోటీ సుమారు 150 గ్రాములు. నడుముకి కాస్త పైన, వెన్నెముకకి అటొకటి ఇటొకటి, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి. కుడివైపు కాలేయం ఉంటుంది కదా... దానికి చోటిచ్చి కుడి కిడ్నీ కొంచెం కిందికి జరిగి ఉంటుంది.

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు వీటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షల నెఫ్రాన్లు. నెఫ్రాన్ అంటే ఓ బుల్లి జల్లెడ, దానికో సన్నటి గొట్టం. జల్లెడ రక్తకణాల్నీ మాంసకృత్తుల్నీ ఆపేసి నీళ్లు, లవణాలు, చక్కెర, యూరియా లాంటివాటిని వదులుతుంది. అసలు పనితనమంతా గొట్టానిది. ఏది పారేయాలో ఏది దాచుకోవాలో ఏరి, వడగట్టిన నీటిలో నూటికి 99 వంతులు మళ్లీ రక్తంలోకే పంపేస్తుంది. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం.

వడపోతతోనే పని అయిపోదు. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపేదీ, విటమిన్-డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేదీ, బీపీని అదుపులో ఉంచేందుకు సాయపడేదీ కిడ్నీలే. జబ్బు ముదిరినవాళ్లలో రక్తం తగ్గడం, ఎముకలు బలహీనపడటం అందుకే.

ఓర్పే ముప్పు

పుట్టాక కొత్త నెఫ్రాన్లు తయారుకావు. కొన్ని దెబ్బతింటే వాటి పనిని మిగతావి నెత్తినేసుకుంటాయి. ఒక్క కిడ్నీతోనూ బతకగలిగేది అందువల్లే. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో కవల సోదరుడికి కిడ్నీ ఇచ్చిన రొనాల్డ్ హెరిక్ ఆ తర్వాత 56 ఏళ్లు జీవించారు.

చిక్కు కూడా అక్కడే ఉంది. జబ్బు చాలా దూరం వచ్చేదాకా సాధారణంగా నొప్పి ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంది. కాళ్ల వాపు, ఆకలి మందగించడం, ఆయాసం కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. ‘క్రియాటినిన్ నార్మల్’ అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటానికీ లేదు. కిడ్నీల పనితీరు దాదాపు సగానికి తగ్గినా కొందరిలో అది నార్మల్‌గానే కనిపించొచ్చు.

అందుకే డాక్టర్లు రెండు అంకెలు చూస్తారు. ఒకటి- క్రియాటినిన్‌తోపాటు వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకునే ఈజీఎఫ్ఆర్. రెండు- మూత్రంలో ఆల్బుమిన్. జల్లెడ దెబ్బతింటే రక్తంలో ఉండాల్సిన ఈ మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది.

షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా ఈ పరీక్షలు చేయించుకోవాలి. అవి లేనివాళ్లకి భయం లేదా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడి తోటల మధ్య కష్టం చేసుకునే ఎంతోమంది షుగరూ బీపీ లేకుండానే ఈ జబ్బు బారిన పడ్డారు. అలాంటిచోట ‘నాకేం లేదులే’ అనుకోకూడదు. ఒళ్లునొప్పులకు డాక్టరు చెప్పకుండా రోజుల తరబడి మాత్రలు మింగే అలవాటునీ మానుకోవాలి.

కష్టమొచ్చినా పైకి చెప్పుకోని మనిషి ఇంట్లో ఉంటే మనమే పలకరిస్తాం. కిడ్నీలూ అంతే. వాటిని పలకరించడానికి కాస్త రక్తం, కాస్త మూత్రం చాలు!