ఆ కోపం ఎవరిది?

రావులపాలెంలో హైవే పక్కన నర్సింగ్‌హోమ్ అంటే రాత్రిళ్ళు కునుకుండదండీ. గౌతమి వంతెన దాటాక ఏ యాక్సిడెంటు జరిగినా మా వైపే పరుగెత్తుకొస్తారు. పన్నెండేళ్ళుగా నర్సుగా చేస్తున్నాను. "సిస్టరమ్మగారికి ఓర్పెక్కువ" అని పేరు కూడా ఉంది. ఆ ఓర్పు పాటి ఎంతో ఒక రాత్రి తెలిసొచ్చింది.

ఆరోజు అరటి గెలల లోడుతో వస్తున్న ఆటో బోల్తాపడి ఇద్దర్ని తీసుకొచ్చారు. సెలైన్ పెట్టడం ఆలస్యమైందని డాక్టరుగారు అందరి ముందూ నన్ను కేకలేశారు. నరం దొరకలేదని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు. నోరు మూసుకుని ఊరుకున్నాను. సరిగ్గా అప్పుడే కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి, "అక్కా, ఈ ఇన్సులిన్ ఒకసారి చూస్తారా?" అంది.

"కోర్సు పాసై వచ్చావుగా, ఇదీ నేనే చెప్పాలా?" అనేశాను.

ఆ పిల్ల మళ్ళీ నోరెత్తలేదు. కాసేపటికి వార్డులోకి వెళ్తే, సిరంజి పట్టుకుని ఓ పెద్దావిడ మంచం దగ్గర నిలబడి ఉంది. చూద్దును కదా, వాళ్ళబ్బాయి బయట కొనుక్కొచ్చిన సీసా మిల్లీలీటరుకి 100 యూనిట్లది. ఈ పిల్ల చేతిలోది 40 యూనిట్ల సీసాకి వాడే ఎర్రమూత సిరంజి. దాంతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు! షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

"అందుకే అడిగానక్కా. మళ్ళీ అడగాలంటే భయమేసింది" అంది ఏడుపు గొంతుతో.

పైనుంచి కిందికి

డాక్టరుగారి కోపం నా మీదికి, నా కోపం ఆ పిల్ల మీదికి, అక్కణ్ణుంచి ఏ పాపం తెలియని పెద్దావిడ మీదికి! 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు వివరించిన 'భావోద్వేగ ప్రజ్ఞ', 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అందరి నోటా పడింది. ముఖాన నవ్వు పులుముకోవడమే అది అనుకునేదాన్ని. కాదు. లోపల రగిలేదేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో పోల్చుకుని, సంబంధం లేనివాళ్ళ మీద పడకుండా ఆపుకోవడం.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే...

ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళేముందు చేతులు కడుక్కోవాలి కదా. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. ఆ కాస్సేపూ "ఈ కోపం ఎవరి మీద?" అని నన్ను నేనే అడుగుతాను. ఇన్సులిన్ ఇచ్చేముందు సీసా, సిరంజి ఇద్దరం కలిసి చూస్తాం. డాక్టరుగారితో కూడా మర్నాడు ఒంటరిగా ఉన్నప్పుడు, "తప్పుంటే పక్కకి పిలిచి చెప్పండి సార్" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తలూపారు.

రోగి బంధువులు అరిచినా, చాలాసార్లు అది కోపం కాదు, భయం. "ఇప్పుడే బీపీ చూశానమ్మా, పది నిమిషాల్లో మళ్ళీ వస్తాను" అంటే సగం చల్లబడతారు. అలాగని బూతులూ, చెయ్యెత్తడాలూ భరించమని కాదు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే శిక్షించే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచీ ఉంది.

ఆఫీసులో పడ్డ మాటని ఇంటికి తెచ్చి పిల్లల మీద చూపించే మనందరికీ ఇది వర్తిస్తుందేమో, ఆలోచించండి.

ఆ అమ్మాయికి ఆ రాత్రే సారీ చెప్పాను. ఇప్పుడు అనుమానం వస్తే వార్డంతా వినపడేలా "అక్కా, ఇది చూడండి!" అని పిలుస్తుంది. ఎంత పనిలో ఉన్నా వెళ్తాను.