జపనీస్ నేర్చుకునే పిల్లలకు ఏ ఆడియో మంచిది: విడమరిచి పలికేదా, మామూలుగా మాట్లాడేదా?

బెంగళూరు, హోసూరు, చెన్నై, పుణె ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్లలో జపనీస్ నేర్చుకునే పిల్లలు ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. బిడదిలోని టయోటా, శ్రీసిటీలోని ఇసుజు లాంటి కర్మాగారాలను చూసి కొందరు నేర్చుకుంటున్నారు. ఐటీ ఉద్యోగంలో ఒక మెట్టు పైకి ఎక్కుదామని ఇంకొందరు. జపాన్ 2019లో తెచ్చిన ‘తొకుతే గినో’ వీసా మీద వృద్ధుల సంరక్షణ పనికో, ఫ్యాక్టరీ పనికో వెళ్లాలని మరికొందరు. వీళ్లందరి నోటా వినిపించే ఫిర్యాదు ఒకటే: పుస్తకంతో వచ్చిన ఆడియో అంతా అర్థమవుతుంది, అదే జపాన్ మనిషి నోరు విప్పితే ఒక్క ముక్క కూడా పట్టుబడదు.

తప్పు పిల్లల చెవిది కాదు. వాళ్లు విన్నది ఒక రకం జపనీస్, ఎదురైంది ఇంకో రకం. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఫీజులు కట్టే పెద్దలకూ, చదివే పిల్లలకూ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం.

ముందు పరీక్ష సంగతి. జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు మెట్లు. ఏ మెట్టయినా మొత్తం 180 మార్కులు, అందులో వినికిడికి 60. ఆ 60లో 19 రాకపోతే మిగతా విభాగాల్లో ఎన్ని వచ్చినా ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, మళ్లీ వేయరు. పరీక్ష నిర్వాహకులే రాసిన మెట్ల వివరణ చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఎన్5, ఎన్4లకు ‘నెమ్మదిగా మాట్లాడే’ సంభాషణలు. ఎన్3, ఎన్2లకు సహజ వేగానికి దగ్గరగా ఉండేవి. ఎన్1కు మాత్రమే సహజ వేగం. ఇక పైన చెప్పిన వీసాకు కావలసింది ఎన్4, లేదా జపాన్ ఫౌండేషన్ నడిపే జేఎఫ్‌టీ-బేసిక్. అంటే నెమ్మది మాటలు అర్థమైతే చాలని సర్టిఫికెట్ చేతికిచ్చి, మామూలు మాటల మధ్యకు పంపుతున్నారన్నమాట. చాలామంది దెబ్బతినేది ఈ సందులోనే.

ఇంతకీ విడమరిచిన మాటకూ మామూలు మాటకూ తేడా వేగం ఒక్కటేనా? చాలామంది అలాగే అనుకుంటారు. అందుకే ఫోన్‌లో వేగాన్ని ముప్పావుకు తగ్గించి వింటారు. కానీ ‘నెమ్మది’ వేరు, ‘స్పష్టం’ వేరు. మామూలు మాటలో మింగేసిన అచ్చు ఆడియోను సాగదీస్తే తిరిగి రాదు. లేని శబ్దం నెమ్మదిగా కూడా లేకుండానే ఉంటుంది.

ఏ అచ్చును మింగుతారు? ఇ, ఉ అనే పొట్టి అచ్చులు క, చ, త, ప, స, హ లాంటి శబ్దాల మధ్య పడితే జపాన్ వాళ్ల గొంతు మోగదు, గాలి మాత్రమే వస్తుంది. పుస్తకంలో ‘దెసు’ అని ఉంటుంది, నోటి నుంచి ‘దెస్’ అని వస్తుంది. ఇష్టం అని చెప్పే ‘సుకి’ మన చెవికి ‘స్కి’లా తగులుతుంది. విద్యార్థి అనే ‘గకుసే’ ‘గక్‌సే’ అవుతుంది. మనిషి అనే ‘హితో’లో మొదటి అచ్చు దొరకనే దొరకదు. అన్నీ కలిపి అక్షరం అక్షరం పలికే మాస్టారి దగ్గర నేర్చుకున్న పిల్లవాడు ‘సుకి’ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ‘స్కి’ వచ్చి వెళ్లిపోతుంది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మనది అచ్చుతో ముగిసే భాష. బస్ అన్నా బస్సు అంటాం, పెన్ అన్నా పెన్ను అంటాం. తమాషా ఏమిటంటే జపాన్ వాళ్లదీ అదే అలవాటు, బస్‌ను వాళ్లు ‘బసు’ అనే రాస్తారు. ఈ పోలిక చూసి మన పిల్లలు చివరి ‘ఉ’ను తెలుగులో లాగే నిండుగా పలుకుతారు, వినేటప్పుడూ అదే ఆశిస్తారు. పలకడంలో పెద్ద నష్టం లేదు, అర్థమవుతుంది. వినడంలోనే నష్టం.

ఇంకోవైపు మనకు ఎవరూ చెప్పని లాభాలూ ఉన్నాయి. జపనీస్‌లో పొట్టి అచ్చుకూ పొడుగు అచ్చుకూ అర్థం మారిపోతుంది. ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే నాయనమ్మో అమ్మమ్మో. ఒత్తు ఉన్నా లేకపోయినా అంతే: ‘కితె’ అంటే రా, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల, ‘కీతె’ అంటే విను. ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు ఈ తేడా వినడానికి నెలల తరబడి తంటాలు పడతారు. పడు, పాడు వేరని, గడి, గడ్డి వేరని పుట్టుకతో తెలిసిన చెవికి ఇది కష్టం కాదు. బళ్లో లఘువు గురువు నేర్చుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకా తేలిక. జపనీస్ లయ అంతా మాత్రల లెక్కే. ‘కిత్తె’ మూడు మాత్రలు, ‘ఒబసన్’ నాలుగు, ‘ఒబాసన్’ ఐదు. మన ఛందస్సు ప్రకారం లెక్కపెట్టినా సరిగ్గా ఇవే వస్తాయి. పై పేరాలో చెప్పిన మింగేసిన అచ్చుకు కూడా మాత్ర మిగిలే ఉంటుంది. గొంతు ఆగుతుంది గానీ తాళం ఆగదు.

సున్నా సంగతీ అంతే. పంపులో సున్నా ‘మ్’, గంటలో ‘ణ్’, పంకాలో ‘ఙ్’. ఎవరూ నేర్పకుండానే అలా పలుకుతాం. జపనీస్ ‘న్’ కూడా అచ్చం అలాగే తరువాతి హల్లును బట్టి మారుతుంది. పత్రిక ‘షింబున్’, నడక ‘సంపొ’, మూడో అంతస్తు ‘సంగై’ మన నోటికి వాటంతట అవే వస్తాయి. అయితే ఈ శబ్దం అచ్చు ముందు వచ్చినప్పుడు మాత్రం మన సున్నా ఆదుకోదు. దుకాణం మనిషి అనే ‘తెన్-ఇన్’, వెయ్యి యెన్‌లు అనే ‘సెన్-ఎన్’ మామూలు మాటలో ముక్కుతో పలికిన పొడుగు అచ్చులా జారిపోతాయి. విడమరిచిన ఆడియోలో ‘న్’ తేటగా వినిపిస్తుంది, దుకాణంలో వినిపించదు.

అచ్చుల కన్నా పెద్ద తేడా మాటలు కుదించుకుపోవడంలో ఉంది. ‘తింటున్నాను’కు పుస్తకం ‘తబెతె ఇరు’ అంటే వీధి ‘తబెతెరు’ అంటుంది. తినేశాను అనే ‘తబెతె షిమత్త’ కాస్తా ‘తబెచత్త’. వెళ్లాలి అనే ‘ఇకనకెరెబ నరిమసెన్’ ఎంత పొడుగో చూడండి, నోట్లో అది ‘ఇకనక్య’. తెలియదు అనే ‘వకరనై’ అయితే ‘వకన్నై’. ఇవి బద్ధకంతోనో మర్యాద లేకో పలికినవి కావు, చదువుకున్నవాళ్లు ఇంట్లోనూ స్నేహితులతోనూ మాట్లాడే తీరే ఇది. ‘ఏమి చేస్తున్నావు’ అని మనలో ఎవరైనా ఇంట్లో అంటారా? ‘ఏంచేస్తన్నావ్’ అంటాం. టీవీ వార్తల తెలుగు విని పెరిగిన పిల్లవాడు సోలాపూరులోనో బరంపురంలోనో నాయనమ్మ మాట విని తడబడటం మనం చూసిందే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి వందేళ్ల కిందట పట్టుబట్టిందీ ఈ విషయం మీదే, పుస్తకం భాషకూ నోటి భాషకూ మధ్య దూరం మీద.

ప్రమాదం ఎక్కడుందో చెబుతాం. ముట్టుకోవద్దు అనడానికి పాఠంలో ‘సవరనైదె కుదసై’ అని ఉంటుంది. యంత్రం దగ్గర మేస్త్రీ అంత తీరిగ్గా అనడు, ‘సవన్నైదె!’ అని అరుస్తాడు. ‘ర’ పోయి ‘న్’ వచ్చింది, మర్యాద తోక ఊడిపోయింది. ఆ క్షణంలో అర్థం కాకపోతే చెయ్యే పోవచ్చు. ‘యత్తె ఒయితె’ అంటే ముందే చేసి పెట్టు అని. షిఫ్టు మారేటప్పుడు అది ‘యత్తొయితె’ అయిపోతుంది. అర్థం కాక తల ఊపి ఊరుకున్నవాడికి మాట వినని మనిషి అని పేరు పడుతుంది.

మరి విడమరిచిన ఆడియో పనికిరానిదా? అలా అనే యూట్యూబు గురువులు చాలామంది ఉన్నారు. మొదటి రోజు నుంచే ‘అసలు జపనీస్’ వినమంటారు. మేము ఒప్పుకోం. విడమరిచి పలకడం కృత్రిమం కాదు, ఏ భాషలోనైనా ఉండేదే. 1985లో అమెరికాలో వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఒకే రకం వాక్యాలను మామూలుగానూ విడమరిచీ వినిపించి పరీక్షిస్తే, విడమరిచినప్పుడు అర్థమైన మాటలు సుమారు 17 శాతం పాయింట్లు ఎక్కువ. అయితే వాళ్లకు ఆ భాష ముందే వచ్చు, నేర్చుకునేవాడి పరిస్థితి అది కాదు అన్నది గుర్తుంచుకోవాలి.

జపాన్‌లోనే దీనికి బలమైన చరిత్ర ఉంది. 1995 జనవరి 17న కోబె ప్రాంతాన్ని కుదిపిన భూకంపంలో ప్రకటనలు అర్థంకాక విదేశీయులు చాలా ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాత హిరోసకి విశ్వవిద్యాలయం ఆచార్యుడు సతో కజుయుకి, ఆయనతో పనిచేసినవాళ్లు ‘యసషీ నిహొంగొ’ అనే తేలిక జపనీస్‌ను రూపొందించారు. ఆశ్రయానికి తరలడం అనే ‘హినన్’ బదులు పారిపొండి అనే ‘నిగెతె’ అనడం దాని పద్ధతి. 2024 జనవరి 1న నోతో భూకంపం వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌కే అనౌన్సరు మామూలు మృదు స్వరం వదిలేసి పొట్టి వాక్యాల్లో ఇప్పుడే పారిపొమ్మని గట్టిగా అరిచింది. అది ముఖ్యంగా జపాన్ వాళ్ల కోసమే. స్టేషన్లో ప్రకటన, ఆస్పత్రిలో మందు వివరం, భూకంపం హెచ్చరిక విడమరిచిన జపనీస్‌లోనే వస్తాయి. అదీ రావాలి.

కాబట్టి ఏది అన్నది కాదు, ఎప్పుడు ఏది అన్నదే ప్రశ్న. శబ్దాలు, మాత్రలు చెవికి పట్టే మొదటి నెలల్లో విడమరిచినదే ఉండాలి. లేకపోతే పిల్లవాడికి పట్టుకోవడానికి కొమ్మే దొరకదు. పరిశోధకులు 2019లో 17 భాషలను పోల్చి చూస్తే జపనీస్‌లో సెకనుకు సుమారు 8 అక్షరాలు దొర్లుతున్నాయని తేలింది. ఒక్కో అక్షరం మోసే సమాచారం తక్కువ కాబట్టి వేగం ఎక్కువట. ఆ వరదలోకి మొదటి వారమే తోసేస్తే లాభం లేదు. అలాగని ఎన్4 దాకా ఒక్క మామూలు వాక్యమూ వినిపించకపోవడం కూడా పొరపాటే. ప్రతి పాఠంలో ఒక్క వాక్యమైనా రెండు రకాలుగా వినిపించాలి.

ఇంట్లో చేయదగ్గ పద్ధతి ఇది. అర నిమిషం మామూలు సంభాషణ తీసుకుని పుస్తకం మూసి వినమనండి. వినిపించింది వినిపించినట్టు రాయమనండి, ఇంగ్లిషు అక్షరాల్లో వద్దు. కనా రాకపోతే తెలుగులోనో కన్నడలోనో రాసినా ఎ-ఏ, ఒ-ఓ తేడాలు నిలబడతాయి. తర్వాత అసలు పాఠంతో పోల్చి, ఏ అచ్చు మింగారో, ఏ మాట కుదించారో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టాలి. అప్పుడు మళ్లీ అదే వేగంతో వినాలి. రోజుకు పది నిమిషాలు చాలు. జపాన్ ఫౌండేషన్ ‘ఇరొదొరి’ పుస్తకం, దాని ఆడియో ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు పెట్టి కొనే ముందు అది చూడండి.

ఫీజు కట్టే ముందు ఇన్‌స్టిట్యూటు ఆడియో ఏ రకమో పెద్దలే కనిపెట్టొచ్చు, భాష రాకపోయినా సరే. ‘దెసు’లో ‘ఉ’ ప్రతిసారీ నిండుగా వినిపిస్తోందా? ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ‘హై’, ‘ఉన్’, ‘ఏ’ అని ఊ కొడుతున్నారా, లేక బొమ్మలా నిలబడి తమ వంతు కోసం కాచుకున్నారా? ఎవరైనా వాక్యం సగంలో ఆపేస్తున్నారా? జపాన్ వాళ్లు కుదరదు అని మొహం మీద చెప్పరు, ‘చొత్తొ...’ అని సాగదీసి వదిలేస్తారు. ఊ కొట్టడమూ సగం వాక్యాలూ అసలే లేని ఆడియో ఎంత వేగంగా ఉన్నా మామూలు మాట కాదు.

అనిమే చూసి నేర్చుకుంటామనే పిల్లలకు ఒక మాట. కుదించిన రూపాలు చెవికి అలవాటు కావడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ అందులో ‘ఒమయె’ అనే పిలుపును సూపర్‌వైజరు మీద ప్రయోగిస్తే, మన మేస్త్రీని ‘ఒరేయ్’ అన్నట్టే ఉంటుంది.

సంరక్షణ పనికి వెళ్లేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ఎనభై ఏళ్ల ముసలివాళ్లు మాట్లాడేది పుస్తకం భాషా కాదు, తోక్యో భాషా కాదు. ఒసాకా వైపు కూడదు అనే ‘దమె’కు బదులు ‘అకన్’ అంటారు, ‘వకరనై’ అక్కడ ‘వకరహెన్’. కొన్ని పదాల స్వరాలు కూడా తోక్యోకు తిరగబడి వినిపించే చోట్లున్నాయి. ఏ ఊరికి పంపుతున్నారో కాగితాల మీద ముందే ఉంటుంది. ఆ ప్రాంతం మాట ఎలా ఉంటుందో విమానం ఎక్కే లోపే వారానికి ఒక గంటైనా వినిపించమని ఇన్‌స్టిట్యూటును అడగండి, వాళ్ల దగ్గర లేకపోతే ఆ ఊరి స్థానిక టీవీ వీడియోలు వెతికి పెట్టండి.