సింకు నీరు దిగకపోతే: అడ్డంకి ఎవరి గొట్టంలో ఉన్నది?

వంటింటి సింకులో నీరు నిలిచిపోయినప్పుడు అనేక గృహాలలో మొదట జరిగే పని, సమీపంలోని దుకాణం నుండి యాసిడ్ సీసా తెప్పించడం. దానికి లొంగకపోతే రెండవ సీసా వస్తుంది. అప్పటికీ నీరు దిగకపోతే ఎవరో ఒక కూలీని పిలిపించి, కింద ఉన్న గుంట మూత తెరిపిస్తారు. ఈ క్రమం తలకిందులైనది. అడ్డంకి ఎక్కడ ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి. దానిని దేనితో తొలగించాలన్నది ఆ తరువాతి ప్రశ్న.

చూలై వంటి పాత పేటలలో ఈ విషయానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ. తమిళంలో ‘చూలై’ అంటే బట్టీ. ఒకప్పుడు ఇక్కడ ఇటుకలు కాల్చేవారు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. నేడు ఇరుకు స్థలాలలోని పాత ఇళ్లకు బదులుగా మూడు, నాలుగు అంతస్తుల భవనాలు వెలిశాయి. ఒక కుటుంబం నివసించిన చోట ఎనిమిది కుటుంబాలు వండుకుంటున్నాయి. ఆ ఎనిమిది వంటిళ్ల నీరు తరచుగా ఒకే నిలువు గొట్టం గుండా దిగుతుంది. గొట్టం అడుగున అడ్డుపడితే పై అంతస్తులవారికి ఏమీ తెలియదు. వారు గిన్నెలు కడిగిన నీరు నేల అంతస్తువారి సింకులో పైకి ఉబుకుతుంది. తప్పు ఎవరిదో తేలక ఇరుగుపొరుగుల మధ్య మాట పట్టింపులు మొదలయ్యేది ఇక్కడే.

నీరు వెళ్లే దారి తెలిస్తే ఆ తగవు సగం తీరుతుంది. సింకు నోటి వద్ద జల్లెడ, దాని కింద వంపు గొట్టం ఉంటాయి. ‘ట్రాప్’ అని వ్యవహరించే ఈ వంపులో ఎల్లప్పుడూ కొంత నీరు నిలిచి, దుర్వాసనను, బొద్దింకలను పైకి రానీయదు. అక్కడి నుండి నీరు గోడలోని గొట్టానికి, నిలువు గొట్టానికి, నేల మట్టాన ఉన్న ఛాంబర్‌కు చేరి, చివరకు వీధి కింది మురుగు కాలువలో కలుస్తుంది. నిలువు గొట్టం వరకు ఉన్న భాగం ఆ ఫ్లాటు వారి బాధ్యత. నిలువు గొట్టం, ఆవరణలోని ఛాంబర్లు భవనంలోని అందరివీ. వీధి కాలువ మాత్రం, 1978లో ఏర్పడి ‘మెట్రో వాటర్’ అన్న పేరుతో ప్రజలకు పరిచయమైన చెన్నై మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుది.

అడ్డంకి ఏ భాగంలో ఉన్నదో గుర్తించడానికి పనిముట్లు అక్కరలేదు. వంటింటి సింకులో మాత్రమే నీరు నిలిచి, స్నానాల గది యథాప్రకారం పనిచేస్తుంటే అడ్డంకి ఆ ఫ్లాటులోనే ఉన్నదని భావించవచ్చు. కుళాయి తిప్పకపోయినా సింకులోకి నీరు వస్తుంటే అది పై ఇళ్ల నీరు. అడ్డంకి ఉమ్మడి గొట్టంలో ఉన్నది. అప్పుడు ఆవరణలోని ఛాంబర్ మూత తీసి, దూరం నుండి చూడాలి. ఛాంబర్ ఖాళీగా ఉంటే అడ్డంకి దానికి పైనున్న గొట్టంలో ఉన్నది. వీధి వైపున్న చివరి ఛాంబర్ కూడా నిండి పొంగుతుంటే వీధి కాలువను అనుమానించాలి. ఇరుగుపొరుగు భవనాలలోనూ అదే స్థితి ఉంటే సందేహమే లేదు.

ఫ్లాటులోని అడ్డంకి విషయానికి వస్తే, దానిని కేవలం మెతుకులనో కూరగాయ ముక్కలనో అనుకోవడం పొరపాటు. మెతుకులు నాని, విడిపోయి, కొంత కాలానికి కొట్టుకుపోతాయి. మొండికేసేది జిడ్డు. వేపుడు మూకుడులోని నూనె, నెయ్యి, డాల్డా గొట్టం గోడకు పూతలా అంటుకుంటాయి. చెన్నైలో ఎన్నో భవనాలు వాడే బోరు నీటిలో సున్నపు లవణాలు అధికం. కొవ్వు నుండి విడివడిన ఆమ్లాలతో ఆ కాల్షియం కలిసి నీటిలో కరగని ఒక విధమైన సబ్బుగా మారుతుంది. గట్టిపడిన ఈ తెల్లని పదార్థం మీద ఫిల్టర్ కాఫీ పిప్పి, దోసె పిండి కడుగు, చింతపండు పీచు పొరలు పొరలుగా చేరతాయి. కాఫీ పిప్పి నీటిలో కరగదు. జిడ్డులో ఇసుక వలె కూరుకుపోతుంది. సింకు కింద అమర్చే ముడతల ప్లాస్టిక్ గొట్టం ఈ పనికి మరీ అనుకూలం. ప్రతి ముడతా ఒక గూడే. చౌకగా దొరుకుతుంది గనుక అందరూ దానినే వాడుతున్నారు గానీ, నునుపైన గొట్టం ఎంతో మేలైనది.

ఇటువంటి అడ్డంకిని బలంతో కదిలించాలి. నిలిచిన నీటిని చాలావరకు తోడివేసి, రబ్బరు గిన్నె గల పంపు మునిగేంత నీరు మాత్రమే ఉంచాలి. సింకుకు రెండవ తొట్టి గానీ, పొర్లు నీటి రంధ్రం గానీ ఉంటే తడి గుడ్డతో గట్టిగా మూయాలి. లేకపోతే ఒత్తిడి అంతా ఆ దారిన పోతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనే పంపు పనికిరాదన్న అపవాదు వచ్చింది. ఇరవై మార్లు ఎడతెగకుండా నొక్కి, చివర ఒక్కసారిగా లాగాలి. కదలకపోతే కింద బకెట్టు పెట్టి, ట్రాప్‌ను చేతితో విప్పి, పాత బ్రష్షుతో తోమాలి. అక్కడ అడ్డు లేకపోతే గోడలోని గొట్టంలోకి స్ప్రింగు తీగను మెల్లగా తిప్పుతూ పంపాలి. దారి తెరుచుకున్న తరువాత గిన్నెల సబ్బు కలిపిన వేడి నీరు పోయవచ్చు. మరుగుతున్న నీరు మాత్రం పోయరాదు. పీవీసీ గొట్టం మెత్తబడి వంగుతుంది, అతుకులు వదులవుతాయి.

వంటసోడా, వెనిగర్ కలిపి పోసే చిట్కా నురుగును ఇస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. హాని చేయదు గనుక దానిని మన్నించవచ్చు. కాస్టిక్ సోడా విషయం వేరు. నీటిలో పడగానే అది తీవ్రంగా వేడెక్కుతుంది. చిమ్మితే చర్మాన్ని, కంటిని కాల్చివేస్తుంది. దాని మీద యాసిడ్ పోస్తే ద్రావణం ఉడికి ఎగజిమ్మవచ్చు. బ్లీచింగ్ పౌడరుతో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది; తలుపులు మూసిన చిన్న వంటింట్లో అది ప్రాణాపాయం. మందు పోసిన తరువాత ప్లంబరును పిలిస్తే, ఏమి పోశారో అతనికి ముందే చెప్పడం గృహస్థుల ధర్మం. అతడు చేయి పెట్టబోయేది ఆ నీటిలోనే. కంటిలో పడితే ఆలస్యం చేయక, ధారగా పడే మంచినీటితో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అడ్డంకి ఉమ్మడి గొట్టంలో ఉన్నప్పుడు పని ఆవరణలోని ఛాంబర్ నుండి, పైనుండే జరగాలి. పొడవైన కడ్డీలు, నీటి ఒత్తిడితో పనిచేసే యంత్రాలు ఇందుకు ఉన్నాయి. గుంటలోకి మనిషిని దించరాదు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ఆ వాసనను పసిగట్టే శక్తినే హరిస్తుంది. దిగినవాడు వాసన పోయిందని భ్రమపడి స్పృహ తప్పుతాడు. అతనిని కాపాడబోయి దిగినవాడికీ అదే గతి పడుతుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషి చేత మురుగు కాలువను, సెప్టిక్ ట్యాంకును శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తొలి నేరానికే రెండేళ్ల వరకు జైలు శిక్ష, లేదా రూ. 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబాలకు 2014లో రూ. 10 లక్షల పరిహారం నిర్ణయించిన సుప్రీం కోర్టు, 2023 అక్టోబరులో దానిని రూ. 30 లక్షలకు పెంచింది. ‘అతడే దిగుతానన్నాడు’ అన్న మాట పిలిపించినవారిని బాధ్యత నుండి తప్పించదు.

ఈశాన్య రుతుపవనాల కాలంలో మరొక దురలవాటు కనబడుతుంది. ఆవరణలో నిలిచిన వాన నీరు త్వరగా పోవాలని ఛాంబర్ మూతలు తెరిచి ఉంచుతారు. మురుగు గొట్టం వాన నీటిని మోయడానికి వేసినది కాదు. ఆ నీటితో పాటు ఇసుక, ఆకులు, ప్లాస్టిక్ సంచులు దిగి, వీధి కాలువ నిండి, పల్లంలో ఉన్న ఇంటి సింకులోనుండి మురుగు పైకి వస్తుంది. వాన నీటి కాలువ వేరు. అది నగరపాలక సంస్థ నిర్వహణలోనిది.

వీధి మురుగు కాలువ పొంగినప్పుడు మెట్రో వాటర్‌కు 1916 సంఖ్యకు, వాన నీటి కాలువ లేదా చెత్త గురించి నగరపాలక సంస్థకు 1913 సంఖ్యకు ఫోను చేయవచ్చు. వీధి పేరు, తలుపు సంఖ్య, పొంగుతున్నది ఏ మూత అన్న వివరం చెప్పి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి.