ఛాయాసోమేశ్వరుని ఊరిలో నీడ లేని ఇండ్లు

నీడ పేరనే దేవుని కొలుచు ఊరు పానగల్లు. ఆ ఛాయాసోమేశ్వరాలయపు దళసరి రాతిగోడల నడుమ వేసవి మధ్యాహ్నమునను ఒకింత చల్లదనము దొరకును. నల్లగొండ పట్టణము ఇటు పెరుగుచుండగా లేచిన క్రొత్త ఇండ్లలో నన్ననో, రాత్రి భోజనవేళకును గోడ వెచ్చగనే యుండును.

దోషము కప్పుది. 4, 5 అంగుళముల కాంక్రీటు పగలెల్ల ఎండను త్రాగి, ప్రొద్దు క్రుంకిన పిదప గంటలకొలది దానిని గదిలోనికి విడుచును. పూర్వపు మట్టి మిద్దె అంత త్వరగా వేడిని లోనికి రానీయదు. అయినను అది ఏటేట మరమ్మతు కోరెడిది. దానిని విడిచిన జనులను మేము నిందింపము.

గృహస్థుడు కూలరు కొని, తలుపులు బిగించి త్రిప్పును. తడిగాలి వెడలు దారిలేక ఉక్క హెచ్చును. ఎదురుగ నొక కిటికీ తెరచిన చాలును. కాని ప్రక్కయింటి గోడ మూరెడు దూరమున నున్నప్పుడు తెరచి ఫలమేమి? పొలములను ప్లాట్లుగా కోసి అమ్మిన మన పెద్దలు గాలికిని, చెట్టుకును చోటు విడువలేదు. చలికాలమున నీ మూసిన గదులలోనే బొగ్గుల కుంపటి పెట్టుట ప్రాణాంతకము.

2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలు ఆపై స్థలములందలి నివాసములకును అది విధి. తక్కిన వారికి ఐచ్ఛికమట! రేకుల క్రింద నిదురించువాడు ఎండను ఐచ్ఛికముగా అనుభవించుచున్నాడా? కప్పుపై తెల్లసున్నము పూసిన ఎండలో అధికభాగము వెనుకకు మరలును. ఇంటిపన్ను గైకొను నగరపాలక సంస్థ చిన్న యిండ్లకు ఏటేట ఫాల్గుణమున ఆ సున్నమైన నీయవలెనని మేము కోరుచున్నాము.