అన్నము మానిపించు జబ్బు

2020 మార్చిలో కోవిడ్ వలన ఇంగ్లండులో పాఠశాలలు మూతపడినవి. ఆటలును, స్నేహితులును దూరము కాగా, పలువురు పిల్లలు, ముఖ్యముగా బాలికలు, తిండి యొక్కటే తమ చేతిలో నున్నదని దానిని తగ్గించుకొనసాగిరి. బరువు పెరుగునను భయముతో అన్నము మానుట, తిన్నది కక్కివేయుట మొండితనము కాదు, వ్యాధి. ముదిరినచో గుండె బలహీనపడి ప్రాణమునకే ముప్పు.

అచ్చట ఇట్టి పిల్లలలో నూటికి 95 మందికైనను, అత్యవసరమైనచో వారములో, లేనిచో నాలుగు వారములలో చికిత్స మొదలుపెట్టవలెనని నిర్ణయించిరి. అందుకు గడువు 2020-21. సరిగా ఆ యేటనే రోగులు వెల్లువెత్తిరి. వైద్యులు మునుపటికంటె ఎక్కువమందికి చికిత్స చేసిరి. అయినను వేచియున్నవారి వరుస పెరిగినది. జబ్బు మాత్రము గడువులకొరకు ఆగదు గదా!

మన యిండ్లలో పిల్ల తినకున్న ఉపవాసమనుకొందుము. చిక్కినచో నాజూకని మెచ్చుకొనువారును కలరు. ఈ మెప్పు ప్రమాదకరమని మేము తలంచుచున్నాము. పిల్ల నలుగురిలో తినక తప్పుకొనుచు, త్వరగా చిక్కిపోవుచున్నచో తిట్టక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవునట్లు పంచాయతీ సభ్యులు తల్లిదండ్రులకు చెప్పవలెను. స్పృహ తప్పినచో ఆలస్యము కూడదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్‌కు, 14416 సంఖ్యపై, ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.