బోరు ఎన్ని అడుగులు? వాన ఎంత?

వీలైతే ఒకసారి సికింద్రాబాద్ నుంచి షోలాపూర్ రోడ్డు పట్టి పోయి చూడండి. జహీరాబాద్ దాటితే కర్ణాటక, హుమ్నాబాద్ మీదుగా ఇంకొంత పోతే మహారాష్ట్ర. మన జొన్నరొట్టె అక్కడ భాక్రి అవుతుంది. పేరు మారినా పిండి ఒకటే.

మారేది నీళ్ల ముచ్చట. మన దగ్గర ఇద్దరు రైతులు కలిస్తే "బోరు ఎన్ని అడుగులు పోయింది?" అని అడుగుతారు. అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లా హివ్రే బజార్‌లో గ్రామసభ ముందు తేల్చేది వాన లెక్క.

1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచ్ అయ్యాక ఆ ఊరివాళ్లు గుట్టల మీద కందకాలు తవ్వారు. సేద్యానికి బోరు వెయ్యొద్దని, చెరకు, అరటి పెట్టొద్దని కట్టుబాటు చేసుకున్నారు. పడిన వానలోంచి తాగేందుకు, పశువులకు ముందు తీసి, మిగిలినదాన్ని బట్టే రెండో పంట. పవార్‌కు 2020లో పద్మశ్రీ వచ్చింది.

మనమో, ఒక బోరు ఎండితే అప్పు తెచ్చి ఇంకోటి వేస్తాం. పక్కోడి బోరూ ఎండుతుంది.

సెంటీమీటరు వానంటే ఎకరానికి సుమారు 40 వేల లీటర్లు. నిటారు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, రోజూ పొద్దున్నే స్కేలుతో కొలిచి రాసుకోండి. యాసంగికి వరా, శనగా అన్నది ఆ లెక్క చూసి నలుగురూ కూచొని తేల్చుకోండి.